బెర్లిన్‌లో ఎనిమిది నెలలు

బెర్లిన్‌లో నేనున్న బిల్డింగ్‌లో ఫ్లాట్లకి నంబర్లు లేవు. జర్మనీలో చాలా ఇళ్ళు అంతే, ఉత్తరం మనదాకా రావాలంటే కింద బెల్ మీదా పోస్ట్ బాక్స్ మీదా మన ఇంటిపేరు ఉండాల్సిందే, లేకపోతే వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, కొత్త బ్యాంక్ కార్డు అలాగే తిరిగెళ్ళిపోయింది. అప్పుడు ఓనరమ్మ పేరు కింద నా ఇంటిపేరు చిన్న చీటీ మీద రాసి టేప్ వేసి అంటించా, నవంబర్ వానలకి ఇంకు కారిపోయి చివరి మూడు అక్షరాలు నీలం మరకైపోయాయి, మళ్ళీ రాశా, మళ్ళీ కారింది. ఎనిమిది నెలల్లో నాలుగు చీటీలు మార్చా.

ఆఫీస్ ప్రాజెక్ట్ మీద 2023 అక్టోబర్ మొదట్లో వెళ్ళా, మే చివర్లో వచ్చేశా. హైదరాబాద్‌లో మా ఆయన, అత్తయ్య, అయిదేళ్ళ పాప. ఎనిమిది నెలలే కదా ఇట్టే గడిచిపోతాయి అన్నారందరూ, నేనూ అదే అనుకుని ఫ్లైట్ ఎక్కా. ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి బెర్లిన్ చాలా బాగుంటుంది, బ్రాండెన్‌బుర్గ్ గేటు, మ్యూజియంలు, మిగిలిన బెర్లిన్ గోడ మీద బొమ్మలు, అన్నీ చూశా, ఫోటోలు పెట్టా, అదృష్టవంతురాలివి అన్నారు. అక్కడే స్థిరపడ్డవాళ్ళకీ బాగానే ఉంటుంది. మధ్యలో ఉంటాం చూశారా, అటూ కాదు ఇటూ కాదు, వాళ్ళకే కష్టం.

ముందు ఇల్లు. అద్దె ఇల్లంటే చాలాచోట్ల ఒట్టి గోడలే, వంటగదిలో స్టవ్, సింకు కూడా మనమే కొని బిగించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు మామూలుగా మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఎనిమిది నెలలకి ఎవరు చేస్తారివన్నీ, అందుకని ఎక్కువ అద్దె కట్టి సామాన్లతో ఉన్న ఇల్లు తీసుకోవాల్సిందే. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, ఆన్‌మెల్డుంగ్ అంటారు, దానికి ఇల్లిచ్చినవాళ్ళ సంతకంతో కాగితం కావాలి, కొన్నాళ్ళకే ఇల్లిచ్చేవాళ్ళలో చాలామంది ఆ కాగితం మాత్రం ఇవ్వం అనేస్తారు. అది లేకపోతే టాక్స్ నంబర్ రాదు, ఆ నంబర్ లేకపోతే జీతంలో ఎక్కువ కోసేస్తారు. వెడ్డింగ్ అనే ఏరియాలో జేస్ట్రాసె స్టేషన్ దగ్గర, కాగితం ఇచ్చే ఓనరమ్మ దొరికేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకోటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొన్నాళ్ళే కదా అన్న మాట నెమ్మదిగా అన్నిటికీ పాకుతుంది. దిండు మెత్తగా లేదు, కొత్తది కొందామంటే మేలో వెళ్ళిపోతాగా అని ఆగిపోయా. జర్మన్ క్లాసులో చేరదామనుకున్నా, చేరలేదు. ఆఫీస్‌లో ఒకమ్మాయి బాగా కలిసేది, మేలో వెళ్ళిపోతానని చెప్పాక మర్యాదగా పలకరించడమే తప్ప ఇంటికి పిలవడం మానేసింది, ఆ అమ్మాయిదీ తప్పు కాదు, వెళ్ళిపోయే మనిషితో ఎవరు మాత్రం ఎంతకని కలుపుకుంటారు. మ్యూలర్‌స్ట్రాసెలో కొత్తిమీర, పచ్చిమిరపకాయలు కొనే టర్కీ వాళ్ళ కొట్టాయన ఒక్కడే నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వేవాడు.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగవకముందే పొద్దు గూకిపోతుంది, తెల్లారేది ఎనిమిది దాటాకే. అలాంటి ఒక ఆదివారం జ్వరం వచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. అక్కడ ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, పారాసిటమాల్ కూడా మందుల షాపులో తప్ప ఇంకెక్కడా అమ్మరు. మూసేసిన మందుల షాపు తలుపు మీద ఆరోజు డ్యూటీలో ఉన్న షాపు అడ్రస్ అంటించి ఉంటుంది, అది చూసుకుని రెండు స్టేషన్లు దాటి మంచులో నడిచి వెళ్ళా. తలుపు వేసే ఉంది, బెల్ కొడితే చిన్న కిటికీ తీశారు, అందులోంచే మందు, అందులోంచే డబ్బులు, సెలవురోజు కాబట్టి రెండున్నర యూరోలు అదనం. ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, జావ అయ్యేలోపు స్టవ్ పక్కనే నేలమీద కూర్చుండిపోయా. నాకు జ్వరమని ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలీదు.

పండగలకి బ్రిట్స్‌లో శ్రీలంక తమిళులు కట్టుకున్న మురుగన్ గుడికి వెళ్ళేదాన్ని, యూ7 మెట్రో రైలు దిగితే దగ్గరే. గంట వినపడితే ప్రాణం లేచొచ్చేది.

అన్నిటికన్నా బాధపెట్టింది మాత్రం ఒక్క గంట. వెళ్ళిన కొత్తలో మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, ఆఫీస్ నుంచి ఆరింటికి ఇంటికొస్తే ఇక్కడ హైదరాబాద్‌లో తొమ్మిదిన్నర, పాప మేలుకునే ఉండేది, అన్నం తిన్నావా అంటే ప్లేటు ఎత్తి చూపించేది. చలికాలం వస్తోందని అక్టోబర్ 29న అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆరింటికి ఇంటికొస్తే ఇక్కడ పదిన్నర, పాప నిద్రపోయేది. పొద్దున చేద్దామంటే స్కూల్లో ఉంటుంది, స్కూల్ నుంచి వచ్చేసరికి నేను మీటింగ్‌లో ఉంటా. శని ఆదివారాలు తప్ప దాని గొంతు వినలేదు, అయిదు నెలలు. గోడ మీద క్యాలెండర్‌లో మార్చి 31కి ఎర్ర గీత గీసుకుని కూర్చున్నా, మళ్ళీ గంట ముందుకి జరిపే రోజది.

వచ్చింది. ఈస్టర్ సెలవులు అయ్యి మంగళవారం ఆఫీస్ నుంచి వస్తూనే షూ కూడా విప్పకుండా ఫోన్ చేశా. పాప మేలుకునే ఉంది, అత్తయ్య పక్కన పడుకుని కథ వింటోంది. నా వైపు ఒకసారి చూసి, అమ్మా, నానమ్మ కథ సగంలో ఉంది, రేపు చెయ్యవా అంది. సరే నాన్నా అన్నా. అత్తయ్యగారూ, ఫోన్ కట్ చెయ్యకండి, పక్కన పెట్టేసి చెప్పండి అన్నా. ఫోన్‌లో మా ఇంటి ఫ్యాన్ తిరుగుతూ కనపడింది, కింద పాప ఊ కొడుతోంది, కథ అయ్యేదాకా అలాగే నిలబడి విన్నా.