బిల్లు పంచుకునే లెక్క

నలుగురం కలిసి భోంచేశాక బిల్లును నాలుగుతో భాగించి చెల్లించడం సులువే గానీ, అది న్యాయమైన పంపకం అవుతుందని నేను అనుకోను. మొన్న మాలో ఒకరు తిన్నవి 200, మిగిలిన ముగ్గురివి 300, 400, 600 అయ్యాయి. ఆ 1500కు పన్ను, టిప్పు కలిపితే 1800 తేలింది. సమానంగా పంచితే తలా 450 పడుతుంది, అంటే అందరికంటే తక్కువ తిన్న మనిషి తన వాటాకు దాదాపు రెట్టింపు ఇచ్చుకోవాలి. ఆ మనిషి మొహమాటంతో నోరు మెదపకుండా పర్సు తీయడం చూసి, నేనే బిల్లు వెనక్కి తిప్పి కలంతో లెక్క వేశాను.

1800ను 1500తో భాగిస్తే 1.2 వస్తుంది. ఎవరు తిన్నదాని ధరను వారు 1.2తో హెచ్చిస్తే చాలు: 240, 360, 480, 720. పన్నూ టిప్పూ తిన్న దామాషాలోనే సర్దుకుంటాయి కనుక వాటిని విడిగా పంచనక్కరలేదు. కలిసి తిన్న వంటకం ఉంటే, ముందుగా దాని ధరను తిన్నవారి మధ్యనే విడదీసి, ఆ తరువాత హెచ్చించాలి.

టిప్పు ఇచ్చే ముందు సేవా రుసుము బిల్లులో కలిపారేమో చూడాలి. చూడకపోతే ఒకే సేవకు రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. పన్ను కలపక ముందున్న మొత్తం మీదనే శాతం కట్టడం నాకు సబబుగా తోస్తుంది, ఎందుకంటే పన్నుకూ వడ్డించినవారి శ్రమకూ సంబంధం లేదు. 1500లో చివరి సున్న తీసేస్తే పది శాతం, అంటే 150. దానికి సగం కలిపితే పదిహేను శాతం. ఆ రోజు 720 ఇవ్వవలసినవారు చిల్లర లేక 750 ఉంచారు. ఆ 30 కూడా టిప్పులోనే చేరింది.