గుడ్డులో గుండె

డజను గుడ్లలో మూడు నా చేతుల్లోనే చితికిపోయాయి. నాలుగోదాని పెంకుకి చిన్న కిటికీ కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎర్రటి చుక్క టపటపా కొట్టుకుంటూ కనిపించింది. మూడోరోజు పిండం. అప్పటికింకా ఆ గుండెకి పైపొర లేదు! చొక్కా వేసుకోకుండానే పనిలోకి దిగిపోయిన పిల్లాడిలా ఉంది.

ఆ పొర, అదే ఎపికార్డియం, గుండెలో పుట్టేది కాదు. కాలేయం మొలిచే చోటికి దగ్గర్లో కాలీఫ్లవర్ తుంపులాంటి కణాల గుత్తి ఒకటుంటుంది. అక్కణ్ణుంచి కణాలు వచ్చి గుండె చుట్టూ పాకుతాయి. కొన్ని లోపలికి దూరి, గుండెకే రక్తం అందించే కరోనరీ నాళాల కండర గోడలుగా, కణజాలాన్ని పట్టి ఉంచే ఫైబ్రోబ్లాస్టు కణాలుగా మారతాయి. పైన మిగిలినవి గుండె కండరాన్ని పెరగమని రసాయన సంకేతాలు పంపుతాయి. ఆ గుత్తిని అడ్డుకుంటే గుండె గోడ పల్చగా ఉండిపోతుంది. నేనేమో ఇన్నాళ్లూ ఉత్త కవరనుకున్నా. డిగ్రీ పరీక్షలో అలాగే రాసొచ్చా కూడా.

సాయంత్రం హబ్సిగూడలో బస్సు కోసం నిలబడి అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పా. "నాన్నకి స్టెంటు వేసింది ఆ నాళాల్లోనేనా?" అంది. అవునమ్మా, వాటిల్లోనే. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ గుడ్డేం చేశావే?" అంది.