కొండకర్ల ఆవలో పెట్టెకూ టికెట్టే

సంక్రాంతి వెళ్లిన మరుసటి వారం, కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు లోతులూ, నీటిలోని ఆక్సిజనూ కొలవడానికి నేనూ నా సహోద్యోగీ విశాఖపట్నం నుంచి బయలుదేరాము. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆవ అనకాపల్లి జిల్లాకు వెళ్లిపోయింది గానీ, విశాఖవాళ్లం ఇప్పటికీ దానిని మా ఆవ అనే అంటాము. తెల్లవారకముందే నీటి మీద ఉండాలన్నది మా పనిలో నియమం. రాత్రంతా నీటిమొక్కలూ బురదలోని సూక్ష్మజీవులూ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి పొద్దు పొడిచే వేళకు నీటిలో అది బాగా తగ్గిపోయి ఉంటుంది. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లి కొలిస్తే ఆవ ఆరోగ్యం ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుంది. ఈ నియమానికి మూల్యం చెల్లించింది మా జేబు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో అనకాపల్లి బస్సు దొరికింది గానీ, అక్కడి నుంచి ఆ చీకట్లో రావడానికి ఒప్పుకున్న ఆటో ఒక్కటే. అతను పగటి రేటుకు మూడింతలు అడిగి, రానూపోనూ కలిపి ముందే పుచ్చుకుని, మమ్మల్ని దింపిన వెంటనే మాయమయ్యాడు. దారి పొడవునా బెల్లం వండుతున్న వాసన రాకపోతే నా కోపం చల్లారేది కాదు.

అక్కడి పడవలు తెలిసినవే: రెండు తాటిదోనెలను పక్కపక్కన కట్టి, మధ్యలో కూర్చోవడానికి ఒక చెక్క వేస్తారు. పడవ తాత మనిషికి నూరు రూపాయలు అడిగాడు. సరేనన్నాము. తరువాత ఎత్తుల తేడా కొలిచే మా లెవెల్ యంత్రం ఉన్న పెట్టెను చూసి దానికీ నూరు అన్నాడు. పెట్టెకు టికెట్టేమిటి తాతా అంటే, "పెట్టి మాత్రం ఊరికే కూకుంటాదేటి బాబూ? దాని బరువు నాను తొయ్యక్కర్లేదా?" అన్నాడు. వాదించాను, ఓడిపోయాను. ప్రయాణ ఖర్చుల పట్టీలో ఆ నూరు రూపాయలను ఏ పేరున రాయాలో నాకు ఇప్పటికీ తోచలేదు.

నీటి మీదకు వెళ్లాక మా ఎకో సౌండర్ మొదటి పావుగంటలోనే మొండికేసింది. శబ్దాన్ని కిందికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు చెప్పే పరికరం అది. తామరకాడలూ నాచూ దట్టంగా ఉన్నచోట శబ్దం అడుగుదాకా పోకుండా మధ్యలోనే వెనుదిరుగుతుంది. పరికరం ఆ కలుపునే అడుగనుకుంటుంది. కనుక పాత పద్ధతికే వచ్చాము. గీతలున్న కర్ర కింద పళ్లెమంత రేకు బిగించి దించితే అది మెత్తటి ఒండ్రు మీద ఆగుతుంది. రేకు లేని గెడను నొక్కితే ఒండ్రును చీల్చుకుని గట్టి నేలను తాకుతుంది. రెండు లోతుల తేడాయే ఒండ్రు మందం. తాత తన వెదురు గెడనే నొక్కి, మొలలోతు అనీ ఛాతీలోతు అనీ చెబుతూ పోయాడు. అతని అంకె ప్రతిసారీ మా కర్ర అంకె కంటే ఎక్కువే. కాసేపటికి గాని నాకు తట్టలేదు: అతను గట్టి నేల లోతు చెబుతున్నాడు, మేము బురద పైభాగం రాసుకుంటున్నాము. ఇద్దరివీ సరైన లెక్కలే.

పొద్దెక్కాక నత్తగుల్ల కొంగలు వచ్చి వాలాయి. గుర్రపుడెక్క కమ్మిన మూలన ఆక్సిజన్ అంకె చూస్తే చేపల మీద జాలి వేసింది. అవి రాసుకుని ఒడ్డుకు వచ్చాము; అసలు తంటా అక్కడ మొదలైంది.

లోతును నీటిమట్టం నుంచి కొలుస్తాము, ఆ మట్టమేమో రోజురోజుకూ మారుతుంది. అందుకే ఒడ్డున కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, నీరు దానికి ఎంత దిగువన ఉందో ప్రతిసారీ లెవెల్‌తో చూసుకోవాలి. నిరుడు రేవు పైమెట్టు అంచున ఉలితో బాణం గుర్తు చెక్కాము. ఈసారి ఆ మెట్టు నున్నగా మెరుస్తోంది. "ఆ మెట్లా? పోయిన ఎండల్లో సిమెంటు మెత్తీసినారు కద బాబూ" అన్నాడు తాత. గుర్తు లేకపోతే నిరుటి లోతులన్నీ దిక్కులేనివే. మా వీధి చివర చెరువు ఉండేదని చెబితే నేటి పిల్లలు ఎక్కడని అడుగుతారు, చూపించడానికి చిన్న రాయి కూడా మిగలలేదు. ఆ నిస్సహాయతే మళ్లీ కలిగింది.

గంటసేపు సిమెంటును తట్టిచూసి విసిగి కూర్చున్నాక, నా సహోద్యోగి ఫోనులో నిరుటి ఫొటో ఒకటి బయటపడింది. అదే రేవులో అతను ఇడ్లీ పొట్లం పట్టుకుని నవ్వుతున్నాడు, కాళ్ల దగ్గర నీరు నాలుగో మెట్టును సగం తడిపి ఉంది. కింది మెట్లకు సిమెంటు తగల్లేదు. ఆ రోజు నీరు బాణానికి ఎంత దిగువన ఉందో పుస్తకంలో ఉంది కాబట్టి, నాలుగో మెట్టును పట్టుకుని పోయిన గుర్తు ఎత్తును లెక్కగట్టగలిగాము. కాకపోతే ఫొటోలో నీటి అంచును నాలుగైదు సెంటీమీటర్ల తేడాతో తప్ప చదవలేము. ఒక్క ఏడాదిలో చేరిన ఒండ్రు అంతకంటే తక్కువే అయితే, అది మా లెక్కలో మునిగిపోయినట్టే.

కొత్త గుర్తు ఎవరూ మెత్తలేని చోట ఉండాలని తాతనే అడిగితే, తూము పక్కనున్న పెద్ద బండను చూపించాడు. బాణం చెక్కాము, రంగు పూశాము, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాము, ఈసారి ఇడ్లీలు లేకుండా. తిరుగుప్రయాణానికి ఆటో రాలేదు. ఉదయం నూరు రూపాయలిచ్చి దర్జాగా కూర్చోబెట్టిన పెట్టెను బస్సు ఆగే రోడ్డుదాకా భుజాలు మార్చుకుంటూ మేమే మోశాము.