పిచ్చిగీతలు నేర్పిన కుడిచెయ్యి

పక్షవాతం వచ్చిన చేతికి మొట్టమొదట సన్నటి బాల్‌పెన్ను ఇచ్చి "ఏదీ, నీ పేరు రాయి చూద్దాం" అనకండి. చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ అదే పని చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. అక్షరానికి తప్పొప్పులుంటాయి. వేళ్ళింకా మాట వినని చెయ్యి ఆ పరీక్షలో తప్పడం ఖాయం. తప్పిన మనిషి మర్నాడు బల్ల దగ్గరికి రావడానికే జంకుతుంది. పిచ్చిగీతకి ఆ బాధ లేదు. వంకరపోతే తీగ అనుకోవచ్చు, ఇంకా వంకరపోతే కాలవ అనుకోవచ్చు. నా కుడిచెయ్యి దారిలో పడింది అలాంటి గీతలతోనే.

జబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. 108, సీటీ స్కాన్, మెదడు ఎడంవైపు రక్తనాళంలో గడ్డ, సెలైన్లు, మాత్రలు. ఇవన్నీ ఎవరికైనా ఇంచుమించు ఒకలాగే జరుగుతాయి. రెండు మాటలు మాత్రం మా కోనసీమ వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. మూతి వంకరపోగానే కొబ్బరిబొండం కొట్టి నోట్లో పోస్తారు. పోయకండి. మింగే కండరాలు కూడా దెబ్బతిని ఉంటే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా పట్టుకుంటుంది. మింగగలదో లేదో ఆసుపత్రిలో చూసేదాకా మంచినీళ్ళు కూడా వద్దు. రెండోది టైము. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక. నిద్రలో వచ్చిందంటే మనిషి చివరిసారి బాగా కనపడిన టైము దగ్గర్నుంచే లెక్క. పావురం రక్తం పూయిద్దాం, ఫలానా ఊళ్ళో పసరు తాగిద్దాం అని వీధిలో పంచాయితీ పెడితే ఆ గంటలు కాస్తా అరుగు మీదే అయిపోతాయి.

ఆసుపత్రిలో ఒక రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రాడు. ఫోన్ చూసుకుంటూనే మా అబ్బాయితో అన్నాడు: "కాలు వస్తదండి. చెయ్యి మీద ఆశ పెట్టుకోకండి. ఎడంచెయ్యి అలవాటు చేయించండి." నేను నిద్రపోతున్నాననుకున్నాడు. నాకు అప్పుడు మాట రాదు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ రాత్రి ఎడంచేత్తో కుడిచెయ్యి పైకెత్తి వదలడం, అది దభీమని పొట్టమీద పడడం, మళ్ళీ ఎత్తడం. కళ్ళు మూసుకుంటే పక్కలో ఇంకెవరో చెయ్యి వేసి పడుకున్నట్టుండేది. ఎవర్నన్నా పిలుద్దామంటే గొంతులోంచి గురక లాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తెల్లారేసరికి తలగడ తడిసిపోయింది. ఆ కుర్రాడి మీద కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

మర్నాడొచ్చిన ఫిజియోథెరపిస్టు అబ్బాయికి మాత్రం వెయ్యి దండాలు. "భుజం ముందొస్తుందమ్మా, మోచెయ్యి తర్వాత, వేళ్ళు ఆఖర్న. ఆఖర్న రావాల్సినవి ఇంకా రాలేదని ఇప్పట్నుంచే ఏడిస్తే ఎలా?" అన్నాడు. లేవదీసేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారుతుందని ఇంట్లోవాళ్ళందర్నీ నిలబెట్టి మరీ చెప్పాడు. చుట్టాలు తెచ్చిన స్పాంజి బంతులు పిసకడం కూడా మాన్పించాడు. నా చెయ్యి అప్పటికే పిడికిలి బిగుసుకుపోతోంది, పిసికితే ఇంకా బిగుస్తుందన్నాడు. ఆ బంతుల్లో ఒకదానికి నడిమధ్య చిల్లి పెట్టి, అందులో స్కెచ్ పెన్ను దూర్చి ఇచ్చాడు. వేళ్ళన్నీ మూసి పట్టక్కర్లేదు, అరచెయ్యి ఆనిస్తే చాలు, పెన్ను నిలబడుతుంది. బంతి లేకపోతే పెన్నుకి పాత సైకిల్ ట్యూబు చుట్టి, బొటనవేలంత లావు చేసినా సరిపోతుంది.

బాల్‌పెన్ను ఎందుకు వద్దంటే, దాన్ని నొక్కితేనే సిరా దిగుతుంది. నొక్కితే పిడికిలి బిగుస్తుంది, బిగిస్తే కాగితం చిరుగుతుంది. స్కెచ్ పెన్నుకి తాకితే చాలు. పెన్సిలైతే మామూలు హెచ్‌బీ కాకుండా 4బీ, 6బీ లాంటి మెత్తటివి తీసుకోండి. కాగితం పెద్దదై ఉండాలి, గీతలుండకూడదు. పాత క్యాలెండర్ షీట్ల వెనకవైపు ఇందుకు భేషైన సరుకు. సన్‌మైకా బల్లమీద కాగితం జారుతుంది కాబట్టి నాలుగు మూలలా టేపు అంటించాలి. కుర్చీలో పాదాలు రెండూ నేలకి ఆనాలి. మోచెయ్యి బల్లమీదుండాలి. భుజం చెవి దగ్గరికి ఎగబాకుతోందంటే ఒళ్ళు అలిసిపోయిందని గుర్తు, అక్కడితో ఆపెయ్యాలి. టిఫిన్ అయ్యాక పది నిమిషాలు, సాయంత్రం ఇంకో పది. అంతకు మించి లాగితే మర్నాడు చెయ్యి మొరాయిస్తుంది.

మొదట్లో కాగితం నిండా పెద్ద పెద్ద సున్నాలు, పడుకోబెట్టిన ఎనిమిదులు. ఇవి భుజంతో గీసేవి. అవి కాస్త గుండ్రంగా తిరగడం మొదలయ్యాక అరచెయ్యంత అలలు, చేపపొలుసులు. వాటికి మోచెయ్యి, మణికట్టు కావాలి. వేళ్ళతో చేసే సన్న పని చివర్లోనే. మధ్యలో పిడికిలి బిగుసుకుపోతే వేళ్ళ కొసలు పట్టి లాగకండి, ఇంకా ముడుచుకుంటాయి. చెయ్యి కిందకి వేలాడేసి, రెండో చేత్తో బొటనవేలి మొదలు పట్టుకుని నెమ్మదిగా బయటికి తిప్పితే మిగతా నాలుగూ వాటంతటవే వదులవుతాయి. ఇది రాసినంత తేలిక కాదు, థెరపిస్టు పక్కనుండగా ఒకసారి చేయించుకోండి.

చుక్కలు పెట్టడం అన్నిటికంటే కష్టం. గీతని ఈడ్చుకుపోవచ్చు, చుక్కకి మాత్రం పెన్ను అనుకున్నచోట దింపి, వెంటనే లేపాలి. ముగ్గులు తెలిసిన ఆడవాళ్ళకి ఇక్కడ కలిసొస్తుంది. 5 చుక్కలు, 3 వచ్చేదాకా సందుచుక్క, అంటే నడిమి వరసకి పైనా కిందా సందుల్లో ఒక్కో చుక్క తగ్గించుకుంటూ పోవడం: మొత్తం 19 చుక్కలు. అవి కుదిరాక 7 నుంచి 4 దాకా: 37. చుక్కలు కలపాలని పట్టుబట్టొద్దు. వాటి మధ్యనుంచి మెలికలు తిప్పుతూ పోతే చాలు, చుక్కకి తగిలినా ఫరవాలేదు. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గెయ్యడం దాకా వెళ్ళాలని తొందరపడకండి. చిటికెడు పిండి రెండు వేళ్ళ మధ్యనుంచి సమంగా జారాలంటే ఆ వేళ్ళకి ఎంతో సున్నితం రావాలి.

మా ఆడపడుచు రామకోటి పుస్తకం తెచ్చిచ్చింది. దణ్ణం పెట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నాను. ఆ చిన్న చిన్న గళ్ళలో "శ్రీరామ" పట్టాలంటే వేళ్ళు రావాలి కదా. వచ్చాక మొదలుపెట్టాను, ఇప్పుడూ రాస్తున్నాను. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నది మా ఆయన, తిరిగిందీ ఆయనే. ఆ ప్రదక్షిణాల పుణ్యమా, బీపీ మాత్ర పుణ్యమా అంటే నేను రెండింటికీ దండం పెడతాను. ఏ దేవుడికి మొక్కినా మాత్ర మాత్రం మానకూడదు.

చెయ్యి సంగతి అలా ఉంచితే, పిచ్చిగీతలు నా బుర్రకీ పనికొచ్చాయి. ఈ జబ్బు తర్వాత చాలామందికి దిగులు పట్టుకుంటుంది, నిద్ర పట్టదు, విన్నది నిలవదు. అర్ధరాత్రి గుండె దడదడలాడితే నేను దీపం వేసుకుని కాగితం తీస్తాను. ఊపిరి వదిలినంతసేపు ఒక గీత, పీల్చేటప్పుడు పెన్ను ఆపడం. గీతలు పొడుగవుతున్న కొద్దీ దడ తగ్గుతుంది. పగలు ఎవరైనా ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కూడా పక్కన కాగితం ఉండాల్సిందే. 2009లో వెలువడిన ఒక పరిశోధన ఇందుకు సాక్ష్యం. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ ఆండ్రేడ్ అనే సైకాలజిస్టు 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం ఒకటి వినిపించి, సగం మందిని వింటూ బొమ్మల్లో రంగు నింపమంది. నింపినవాళ్ళకి మిగతావాళ్ళకంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. అది ఆరోగ్యవంతుల మీద చేసిన పని, మాలాంటి రోగుల మీద కాదు. అయినా మా అక్క ఫోన్ చేసి గంటసేపు చెప్పే పెళ్ళిళ్ళ కబుర్లు నాకు ఇప్పుడు పేర్లతో సహా గుర్తుంటున్నాయి.

ఫోన్ తెరమీద వేలితో గీసే ఆటలు దీనికి బదులు కావు. గాజు నున్నగా జారిపోతుంది, ఎంత నొక్కుతున్నామో చేతికి తెలీదు. ప్రతి షీటు మూలా తేదీ వెయ్యండి, ఆదివారం మాత్రం ఎప్పుడూ ఒకే బొమ్మ గియ్యండి. మార్పు మీ కంటికి ఆనకపోయినా థెరపిస్టుకి ఆనుతుంది. ఉన్నట్టుండి గీతలు మునుపటికంటే పాడైనా, మాట తడబడినా గీత సంగతి వదిలేసి 108కి ఫోన్ చెయ్యాలి. భుజం నొప్పి, అరచెయ్యి వాపు ఉంటే పెన్ను పక్కనపెట్టి ముందు డాక్టరుకి చూపించండి.

పడిపోయింది ఎడంచెయ్యి, రాసేది కుడిచెయ్యి అయినవాళ్ళు "మాకెందుకులే" అనుకుంటారు. వాళ్ళు గీసేటప్పుడు ఎడంచేతిని కాగితం మీద బరువుగా ఆనించి ఉంచాలి, రోజుకి కొన్ని సున్నాలు దాంతోనే గియ్యాలి. ఒళ్ళో ముడిచి పెట్టుకున్న చెయ్యి అలాగే బిగుసుకుపోతుంది.