మా మేయరమ్మ

కెనడాలో నేనుండే ఊరు టొరంటో అంటాను, ఉండేది దాని పక్కనున్న మిస్సిసాగాలో. మొన్న సెలవులకి గాజువాక వచ్చినప్పుడు నాన్న నిలదీశారు. "మనం ఇక్కడుండి వైజాగని చెప్పుకుంటాం కదా, అలాగన్నమాట!" అచ్చం అలాగే. కాకపోతే గాజువాక 2005లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది, మిస్సిసాగాకి మాత్రం ఇప్పటికీ సొంత మేయర్.

2009లో నేను దిగేసరికి మేయర్ హేజెల్ మెకాలియన్‌కి 88 ఏళ్లు. 1978 నుంచీ ఆవిడే. ప్రచారానికి తిరిగేది కాదు, చందాలు పట్టేది కాదు. వయసులో ఉండగా మాంట్రియల్‌లో డబ్బులకి హాకీ ఆడిందట! నేనేమో బీటెక్ సర్టిఫికెట్టు సూట్‌కేసులో పెట్టి, ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో రాత్రి షిఫ్టులో అట్టపెట్టెలు సర్దేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆవిడ మీద న్యాయ విచారణ నడిచింది. సిటీ హాల్ దగ్గర్లో ఒక హోటల్ కట్టే వ్యవహారం. ఆ కంపెనీలో కొడుక్కి వాటా ఉంటే, పని జరగడానికి మేయరమ్మ చక్రం తిప్పిందని. ఇది మనకి కొత్తా? కొత్తేమిటంటే, అక్కడ ఆవిడ్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. 2011లో జడ్జిగారు ఇందులో ప్రయోజనాల వైరుధ్యం ఉందని తేల్చి రాశారు. 1982లోనూ సొంత భూమి ఉన్న వ్యవహారంలో సమావేశం నుంచి తప్పుకోలేదని కోర్టు తప్పుపట్టింది, పదవి మాత్రం పోలేదు.

విచారణ సాగుతుండగానే, 2010లో జనం మళ్లీ గెలిపించారు. షిఫ్టులో నాతో ఉండే పంజాబీ పెద్దాయన ఆవిడకే వేశాడు. ఎందుకని అడిగితే, "నీ వీధిలో మంచు తీశారా లేదా?" అన్నాడు. తర్వాత 1979 నాటి రైలు కథ ఎత్తుకున్నాడు. అర్ధరాత్రి వేళ గూడ్సు పట్టాలు తప్పింది, ప్రొపేన్ ట్యాంకులు పేలాయి, క్లోరిన్ లీకైంది. రెండు లక్షల మందికి పైగా ఊరు ఖాళీ చేశారు. కాలు మడతపడి, కుంటుకుంటూనే తిరిగిందట మేయరమ్మ. ఒక్క ప్రాణం పోలేదు.

ముసలాయన కోతలనుకున్నాను. కెనడాలో 2020 మే 6 సాయంత్రం, విశాఖలో 7 తెల్లవారుజాము, గోపాలపట్నం నుంచి పిన్ని ఫోన్ చేసింది. "గ్యాసురా, తలుపులైనా వేసుకోకుండా పరిగెత్తాం." ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. పన్నెండు మంది పోయారు. అప్పుడు విశాఖకి అసలు మేయరే లేరు. 2012లో పాలకవర్గం గడువు తీరితే, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలోనే కదా. ఉంటే ఏదో ఒరిగేదని కాదు. ఆ రాత్రి మాత్రం పెద్దాయన మాటలే గుర్తొచ్చాయి.

ఇదంతా విని నాన్న, "మరి నువ్వైతే వేసేవాడివా ఆవిడకి?" అన్నారు.

నాకు పౌరసత్వం 2014లో వచ్చింది. ఆ అక్టోబరు ఎన్నికల్లో ఆవిడ నిలబడలేదు.

"తప్పించుకున్నావురా" అని పేపరు తిప్పుకున్నారు.