శాలిహుండం కొండ మీది ఇటుకలు

మా చిన్నతనంలో కార్తీక మాసం వస్తే మా వీధి వాళ్ళందరం కలిసి శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శాలిహుండం కొండకు వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. ఒక ఏడాది వంటకు పొయ్యి కావలసి వచ్చి, పెద్దవాళ్ళు దగ్గరలో పడి ఉన్న మూడు ఇటుకలు ఏరి తెచ్చి, వాటి మీద గుండిగ పెట్టి దప్పళం కాచారు. భోజనాలయ్యాక చల్లారిన ఇటుక నొకదాన్ని నేను రెండు చేతులా ఎత్తి చూశాను. మా ఇంటి గోడలోని ఇటుకల కంటే అది చాలా వెడల్పు, చాలా బరువు. ఒక అంచున, పచ్చిమట్టిగా ఉన్నప్పుడే ఎవరో పట్టుకుని ఎత్తినట్టుగా, మూడు వేళ్ళ గుర్తులున్నాయి. వాటిలో నా వేళ్ళు పెట్టి చూసుకున్నాను. అది ఏ కట్టడంలోనిదో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఈనాడు తెలుసు కనుక, ఆ మసి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ కొండ వంశధారకు దక్షిణపు ఒడ్డున, నది సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గరలో ఉంది. పైకెక్కితే ఒక పక్క నది, ఇంకొక పక్క పచ్చని పొలాలు, దూరాన సముద్రపు గీత కనిపిస్తాయి. ఇక్కడ బౌద్ధ క్షేత్రం ఉందని 1919లో మొదట గుర్తించి లోకానికి చెప్పినవాడు గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం, సవర భాషకు చేసిన సేవ తెలుగువారందరికీ తెలిసినవే కాని, ముఖలింగం శాసనాలను చదివి అదే పూర్వపు కళింగనగరమని నిరూపించడానికి పూనుకున్నవాడు కూడా ఆయనే అన్న సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

బౌద్ధమనగానే మనం గయకో, సాంచీకో, మహా అయితే అమరావతికో వెళ్ళిపోతాం. క్రీస్తుకు పూర్వపు చివరి శతాబ్దాల నుంచి మధ్యయుగం దాకా ఆ ధర్మం పొందిన మార్పులను వరుసగా చూడాలంటే ఈ ఒక్క కొండ చాలునని నా నమ్మకం.

ముందుగా కొండనే ఎందుకు ఎంచుకున్నారో చూడాలి. బింబిసారుడు వేణువనాన్ని సంఘానికి దానమిచ్చేటప్పుడు, ఊరికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గర కాకుండా, రాకపోకలకు వీలుగా, రాత్రివేళ సద్దు లేకుండా ఉండే చోటు కోసం ఆలోచించాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. భిక్షువు ప్రతి ఉదయం పాత్ర పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి మధ్యాహ్నంలోగా భోజనం ముగించాలి, కనుక ఊరు దగ్గరుండాలి. ధ్యానానికి నిశ్శబ్దం కావాలి, కనుక ఊళ్ళో ఉండరాదు. ఆ కొలత శాలిహుండానికి అతికినట్టు సరిపోతుంది. దిగువన పంటలు పండే పల్లెలు, ఏటి దారిన రేవుకు పోయే వర్తకులు, పైన ఏకాంతం.

విహారాలు వెలిసినది కూడా వానల వల్లనే. మొదట్లో భిక్షువులు ఏడాది పొడుగునా సంచరించేవారు. వానాకాలంలో వీరు పచ్చగడ్డిని, చిన్న ప్రాణులను తొక్కుతూ తిరుగుతున్నారని జనం ఆక్షేపించగా, ఆ మూడు నెలలు ఒకేచోట ఉండాలన్న వర్షావాస నియమాన్ని బుద్ధుడు విధించాడు. వంశధారకు వరద వచ్చి ఏరు దాటలేక మనుషులు ఒడ్డునే నిలిచిపోయే రోజులను చూసినవారికి ఆ నియమం ఎంత సహజమైనదో వేరే చెప్పనక్కరలేదు. వర్షావాసానికి వేసుకున్న తాత్కాలికపు వసతులే క్రమంగా గదుల వరుసలై, పున్నమికీ అమావాస్యకూ సంఘమంతా కూడి ప్రాతిమోక్ష నియమాలను వల్లించుకునే ఉపోసథానికి చోట్లై, శాశ్వతమైన ఆరామాలుగా మారాయి.

శాలిహుండంలో నేను ఎక్కువసేపు నిలబడేది చక్రాకారపు పునాదిగల స్తూపం దగ్గర. బండిచక్రం నేల మీద పడుకోబెట్టినట్టుగా నడుమ కుంభి, దాని నుంచి నలువైపులకూ ఆకులు, చుట్టూ కమ్మి, అన్నీ ఇటుకతోనే కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపేవారు. ఇటుక కలిసివస్తుంది, పైనున్న అండం, అంటే స్తూపపు గుమ్మటం, బరువును ఆకులు పంచుకుంటాయి, అది ధర్మచక్రమనే భావమూ నెరవేరుతుంది. ఇదే పద్ధతి నాగార్జునకొండలో కూడా కనిపిస్తుంది. ఇక్కడి గజపృష్ఠ చైత్యగృహాలు, అంటే స్తూపం లోపల ఉండే పూజామందిరాలు, వెనుక భాగంలో ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉండడానికి కారణం, లోపలి స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేయడానికి చోటు కావాలి.

తొలి తరాలవారు బుద్ధుణ్ణి స్తూపంలో, పాదముద్రలో, ఖాళీ ఆసనంలో చూసుకున్నారు. తరువాత మహాయానమనే బౌద్ధ శాఖతో విగ్రహం వచ్చింది, ఆ తరువాత తాంత్రిక శాఖ అయిన వజ్రయానంతో దేవతలు వచ్చారు. శాలిహుండంలో దొరికిన తార, మారీచి విగ్రహాలు ఆ చివరి దశవి. ఎనిమిది మహాభయాల నుంచి తరింపజేసేది తార, ఆ ఎనిమిదింటిలో నీటి గండం ఒకటి. కళింగపట్నం రేవు నుంచి ఓడ ఎక్కే మనిషి ఈ కొండ మీద ఆమెకు దీపం పెట్టి ఉంటాడని ఊహించడానికి నేను సంకోచించను. మారీచి ఉదయకాంతి దేవత, ఆమె రథాన్ని ఏడు పందులు లాగుతాయి. ఇక్కడికి అట్టే దూరం లేని అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి ఏడు గుర్రాల రథం మీద కొలువై ఉన్నాడు. ఒకే ఉదయాన్ని రెండు మార్గాలవారు ఇంత దగ్గరలో పూజించారన్న విషయం నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు.

అశోకుడు వచ్చి బౌద్ధం చేశాడు, అంతటితో కళింగమంతా బౌద్ధమైందన్నట్టు చెప్పడం సరికాదు. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని చెప్పుకున్న 13వ శిలాశాసనాన్ని ఆయన కళింగంలో చెక్కించనే లేదు. ఆ స్థానంలో ధౌలిలోను, గంజాం జిల్లా జౌగడలోను ‘మనుషులందరూ నా బిడ్డలే’ అనే ప్రత్యేక శాసనాలను పెట్టించాడు. 7వ శతాబ్దంలో కళింగాన్ని చూసిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్, ఇక్కడ పదికి పైగా సంఘారామాలు, సుమారు 500 మంది భిక్షువులు ఉండగా, దేవాలయాలు వందకు పైగా ఉన్నాయని, అన్యమతస్థులలో నిర్గ్రంథులే, అంటే జైనులే, ఎక్కువని రాశాడు.

విజయనగరం దగ్గరి రామతీర్థానికి వెళ్తే ఆ మాట కళ్ళకు కడుతుంది. గురుభక్తులకొండ మీద బౌద్ధుల స్తూప చైత్యాల శిథిలాలు, దుర్గకొండ గుహలో జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుణ్ణి పేర్కొనే 11వ శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలం నాటి శాసనం, కొండ కింద రాములవారి కోవెల, మూడూ ఒకే చోట ఉన్నాయి.

దంతపురి సంగతి విడిచిపెట్టలేను. బుద్ధుని దంతాన్ని కళింగరాజులు దంతపురంలో ఉంచి పూజించారని, ఆపద వచ్చినప్పుడు హేమమాల అనే రాకుమారి దాన్ని తన జడలో దాచుకుని భర్త దంతకుమారునితో ఓడెక్కి లంకకు చేర్చిందని పాళీ కావ్యం దాఠావంశం చెబుతుంది. ఆ దంతపురం ఒడిశాలోని పూరీ అని కొందరంటారు. ఆమదాలవలసకు చేరువలో, మట్టికోట గట్లు ఈనాటికీ మిగిలిన మన దంతపురి అని ఇంకొందరంటారు. నేను ఆ రెండో పక్షం. శ్రీలంకలోని కాండీలో ఆషాఢ మాసపు ఉత్సవంలో దంతధాతువు పేటికను ఏనుగు మీద ఊరేగించే దృశ్యాన్ని టీవీలో చూసినప్పుడల్లా, ఆ గట్టు మీద మేకలు మేపుకునే పిల్లలకు హేమమాల కథ ఎవరైనా చెప్పారా అని అనుకుంటాను.

మొన్న కార్తీకంలో మా మేనల్లుడి పిల్లలతో మళ్ళీ శాలిహుండం వెళ్ళాను. వంట ఇంటి దగ్గరే చేసుకుని కేరేజీల్లో సర్దుకెళ్ళాం. పెద్దమ్మాయి చక్రస్తూపం కమ్మి వెంట ఎడమ నుంచి కుడికి తిరుగుతూ, ఆకులు ఎన్నో లెక్కపెట్టింది. నేను వేళ్ళ గుర్తులున్న ఇటుక కోసం చాలాసేపు వెతికాను.