ఊరే నడుపుకునే సెల్ నెట్‌వర్క్

దక్షిణ మెక్సికోలోని వహాకా నగరం నుంచి ఉత్తరానికి బయల్దేరితే కాసేపటికే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పైన్ చెట్లు, వాటి మీద వాలిన మబ్బులు, ఒక పక్క లోయ. మెక్సికోకు అధ్యక్షుడైన ఆదివాసీ నేత బెనితో హువారెస్ పుట్టిన గెలతావో ఈ కొండల్లోదే. స్పానిష్ బాగా వచ్చిన స్నేహితురాలు తోడుండబట్టి 2019లో ధైర్యం చేసి వెళ్లాను. చూడాలనుకున్నది జపోతెక్ ఆదివాసీల ఊళ్లలో సొంతంగా నడుస్తున్న సెల్ నెట్‌వర్క్.

దీనికి నాంది పలికింది తలెయా దె కాస్త్రో అనే ఊరు. రెండున్నర వేల జనాభా, చుట్టూ కాఫీ తోటలు. ఇంత చిన్న ఊరికి టవర్ వేస్తే గిట్టుబాటు కాదని పెద్ద కంపెనీలు రాలేదు. ఊరి సభ కూర్చుని మనమే పెట్టుకుందామని తీర్మానించింది. అక్కడి కమ్యూనిటీ రేడియో వాళ్లు, పీటర్ బ్లూమ్ మొదలుపెట్టిన రైజోమాటికా అనే సంస్థ కలిసి 2013లో నెట్‌వర్క్‌ను నిలబెట్టారు. మొదట్లో నెలకు 15 పెసోలు కడితే ఊళ్లో ఎంతమందికైనా ఫోన్ చేసుకోవచ్చు. లైన్లు నిండిపోకుండా ఒక్కో కాల్‌కు అయిదు నిమిషాల హద్దు పెట్టుకున్నారు.

మేం చూసిన నెట్‌వర్క్ మరో ఊళ్లోది. పంచాయతీ కార్యాలయం డాబా మీద యాంటెన్నా, దాని కింద ఒక పెట్టె. సిగ్నల్ పంపేది ఆ పెట్టె. కాల్స్ కలిపేది గదిలో ఉన్న మామూలు కంప్యూటర్. అందులో నడిచేదంతా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, లైసెన్స్ ఫీజు లేదు. బయటి ఊళ్లకు వెళ్లే కాల్స్ మాత్రం ఇంటర్నెట్ మీదుగా పోతాయి. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసే పిల్లలతో తక్కువ ఖర్చుతో మాట్లాడగలిగేది అందుకే. ఇంటర్నెట్ తెగిపోయినా ఊళ్లోపలి కాల్స్ ఆగవు. నాకు బాగా నచ్చింది ఇదే. వానాకాలంలో కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోతే ముందు కావాల్సింది పక్కింటికి, పై వీధికి, తోటలో ఉన్నవాళ్లకు కబురు అందడం.

నెట్‌వర్క్ చూసుకునే ఆవిడ రిజిస్టర్ తెరిచి చూపించారు. నెలకు 40 పెసోలు. అందులో 25 ఊరికి, 15 ఈ ఊళ్లన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి. ‘‘మరమ్మతు వస్తే?’’ అని అడిగాం. ‘‘చిన్నదైతే నేనే చేస్తాను. పెద్దదైతే సంఘం వాళ్లకు ఫోన్ చేస్తాం. స్తంభం ఎత్తాలన్నా, కేబుల్ లాగాలన్నా ఇంటికొకరు వస్తారు’’ అన్నారు. జీతం లేకుండా ఊరి పని చేసే ఆనవాయితీ అక్కడ ఇప్పటికీ ఉంది. రోడ్డు బాగుచేసినట్టే టవర్‌నూ బాగుచేస్తారు. పెట్టె ఎంత చవకైనా ఈ కట్టుబాటు లేకపోతే ఏడాది తిరక్కుండా మూలన పడేదని నాకు గట్టిగా అనిపించింది.

పెద్ద పోరాటం తరంగాల కోసం, అంటే ఫోన్ సిగ్నల్‌ను మోసే, ప్రభుత్వ అనుమతి లేనిదే వాడకూడని రేడియో తరంగాల కోసం జరిగింది. ప్రయోగం పేరుతో అనుమతి 2014లో వచ్చింది. 2016లో టెలికాం నియంత్రణ సంస్థ ఆ సంఘానికి ఐదు రాష్ట్రాల్లో నడుపుకునేలా ఆదివాసీ లైసెన్స్ ఇచ్చింది. ఆ వెంటనే తరంగాలు వాడుకున్నందుకు ఫీజు కట్టమన్నారు. లాభం చూసుకోని ఊళ్లను వ్యాపార కంపెనీల లెక్కన అడగడం అన్యాయం. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, చివరకు మేం వచ్చేశాక 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఫీజు కట్టనక్కర్లేదని చెప్పింది.

అక్కడున్నంతసేపూ నాకు పాడేరు కొండలు గుర్తొచ్చాయి. అవీ కాఫీ తోటలే. సిగ్నల్ కోసం జనం గుట్ట ఎక్కాల్సిన గూడేలు అక్కడా ఉన్నాయి. టవర్ ఎప్పుడు వేస్తారని అధికారులను అడగడమే విన్నాను గానీ, ఆ టవర్‌ను మేమే నడుపుకోవచ్చా అని అడగడం నేను వినలేదు. ఏజెన్సీలో పెసా చట్టం, అంటే ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం కింద గ్రామసభలు ఉన్నాయి. కంపెనీలు వాడకుండా వదిలేసిన తరంగాలనైనా ఆ సభలకు ఇవ్వాలని ముందు తీర్మానం చేసి పంపాలి.